బావ పెట్టిన గోళ్ళరంగు చుక్క

మా అక్క గోళ్ళరంగు సీసాలు కొనడమే గానీ, ఆవిడ గోళ్ళకు రంగు ఉండగా చూసినవాళ్ళు లేరు. ఆ రంగంతా మా వీధిలో, పక్క వీధుల్లో ఉన్న ఇన్వర్టర్ల కడుపుల్లో ఉంది. మా బావ ఇన్వర్టరు బోర్డులు కడిగి బాగుచేస్తాడు. పని అయ్యాక లోపల తిప్పి సరిచేసిన చిన్న స్క్రూ మీద ఒక చుక్క గోళ్ళరంగు పెడతాడు. అది ఆరిందంటే స్క్రూ ఇక కదలదు. ఎవరైనా కదిపితే చుక్క పగిలి తెలిసిపోతుంది. "ఇది నా సంతకం" అంటాడు. అక్క మాత్రం "నా గోళ్ళు కోసుకుపోయినట్టుంది" అంటుంది.

వీధిలో అందరూ ఆయన్ని బ్రష్షాయన అంటారు. అందులో నా చెయ్యి కూడా ఉంది. మా ఇంట్లో పళ్ళు తోముకునే బ్రష్షులకు పదవీ విరమణ లేదు. కుచ్చు వంగిన వెంటనే అవి బావ బల్ల మీది గ్లాసులోకి చేరతాయి. నేను మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి స్పిరిటు సీసాలు చేరవెయ్యడం నా వంతు. అక్క గోళ్ళరంగు, నా స్పిరిటు, అందరి ఎంగిలి బ్రష్షులు. పేరు మాత్రం ఆయనది!

ఇంటి ముందుగది ఆయన దుకాణం. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద భూతద్దం బిగించిన దీపం, కింద ఒక పాత చెక్కపెట్టె. ఆ పెట్టె లోపలి గోడలకు తళతళలాడే రేకు కాగితం అంటించి, ఒక బల్బూ ఒక థర్మామీటరూ పెట్టాడు. కడిగిన బోర్డులు అందులో ఆరతాయి. ఆ పెట్టె దరిదాపులకు తడి చెయ్యి రాకూడదు. ఒకసారి నేను మంచినీళ్ళ గ్లాసు దాని మీద పెడితే, పసిపిల్లాడి మీద పెట్టినట్టు పరుగెత్తుకొచ్చాడు.

"బోర్డు కరెంటుతో చావదు మరదలా, మురికితో చస్తుంది" అనేది ఆయన సిద్ధాంతం. బోర్డు విప్పగానే ముందు వాసన చూస్తాడు. బేకరీ వాళ్ళదైతే పిండి, దాని మీద వెన్న ఆవిరి. మంగలి షాపుదైతే జుట్టు. చేపల మార్కెట్టు నుంచి వచ్చినదైతే ఉప్పు పట్టి రాగి గీతలన్నీ పచ్చగా బూజెక్కి ఉంటాయి. బ్యాటరీని ఆనించి పెట్టిన పెట్టెల్లో ఆసిడ్ ఆవిరి తగిలి తెల్లటి పొడి పూస్తుంది. మిగతా మెకానిక్కులు అన్నిటికీ ఒకే బ్లోయరు పెట్టి ఊదేస్తారు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. బావ దగ్గర అలా కుదరదు. పిండి పట్టిన బోర్డుకు నీళ్ళు తగలనివ్వడు, "తగిలితే రొట్టె అవుతుంది" అంటాడు. ఆసిడ్ పొడికి తినేసోడా నీళ్ళు, జిడ్డుకు స్పిరిటు, ఉప్పుకు బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళు. ఆపైన మెత్తటి బ్రష్షుతో, ఎటు పడితే అటు కాకుండా ఒకే వైపు, తల దువ్వినట్టు దువ్వుతాడు. తెగిన రాగి గీత కనిపిస్తే వెంట్రుకంత తీగ పెట్టి అతుకుతాడు. అంత శుభ్రం తెలిసిన మనిషి బనీను చూస్తే మాత్రం దాన్ని కూడా స్పిరిటులో నానెయ్యాలనిపిస్తుంది. "ఆ బోర్డుకి చేయించే స్నానంలో సగం మీరు చెయ్యండి, చాలు" అని అక్క రోజూ సాధిస్తుంది. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. కోపం అనే పార్టు దేవుడు ఆయనలో బిగించడం మరిచిపోయాడు. దాన్ని తీసుకొచ్చి నాకు రెండోది బిగించాడు.

ఇక మా అమ్మ సంగతి. ఈ కథలో ఆవిడ లేకపోతే పనే లేదు.

బావ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున అమ్మ పళ్ళెంలో తినడానికి పెట్టుకొచ్చింది. అక్క కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు. మూలన ఉన్న మా పాత ఇన్వర్టరు గుర్రుమంటోంది. బావకు ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మాట మధ్యలో లేచి వెళ్ళి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మూత విప్పి, ఉఫ్‌మని ఊదాడు. ఎన్నేళ్ళ దుమ్మో, తిన్నగా వచ్చి అమ్మ పళ్ళెంలో దిగింది.

"వచ్చినవాడు అమ్మాయిని చూడకుండా పెట్టెని చూశాడు" అంది అమ్మ, గోడ వైపు తిరిగి. అక్క మాత్రం ఆ ఉఫ్‌తోనే పడిపోయిందట. ఏం చూసి పడిపోయిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

ఆనాటి నుంచి అమ్మ అల్లుడితో సూటిగా మాట్లాడలేదు. పోట్లాట కాదు, అలకా కాదు. అలా అలవాటు పడిపోయింది, అంతే. నాన్న పోయాక నన్ను వెంటబెట్టుకుని వచ్చి అక్క ఇంట్లోనే ఉంటున్నా పద్ధతి మారలేదు. చెప్పవలసినది గోడకు చెబుతుంది, లేకపోతే అక్క చేత చెప్పిస్తుంది. "ఆయన్ని అన్నానికి రమ్మను. చేతులు కడుక్కుని రమ్మను." బావ రెండడుగుల దూరంలోనే ఉంటాడు. "కడుక్కున్నానని చెప్పు" అంటాడు ఆయన కూడా గోడతోనే. "సబ్బుతోనా అని అడుగు." ఆ ఇంట్లో ఆ గోడకు తెలిసినన్ని సంగతులు ఎవరికీ తెలియవు.

అమ్మకు కోళ్ళంటే ప్రాణం. అవి అన్ని కోళ్ళలాంటివి కావు, మెడ మీద ఈక మొలవని రకం. చూడ్డానికి ఎవరో సగం పీకి వదిలేసినట్టు ఉంటాయి. నాకైతే వాటి మొహం చూస్తే అన్నం సయించదు. కానీ అవి అమ్మ పెళ్ళయి వస్తూ పుట్టింటి నుంచి చంకన పెట్టుకొచ్చిన కోడి సంతతి. ఇళ్ళు మారినా మనుషులు పోయినా ఆ బోడిమెడ వంశం మాత్రం తెగలేదు. ఈమధ్య కోళ్ళు పొదగడం మానేస్తున్నాయని బావ ఆవిడకు ఒక పొదిగే పెట్టె కూడా కట్టిచ్చాడు. లోపల బల్బులు, వేడి తగ్గితే వెలిగి, ఎక్కితే ఆరిపోయే ఏర్పాటు. "బాగానే ఉందని చెప్పు" అంది అమ్మ గోడతో. ఆవిడ నోట అంత మాట రావడమే గొప్ప.

ఆ ఏడు వానలకు ముందు కోళ్ళకు తెగులు వచ్చింది. వీధిలో అందరి కోళ్ళూ పోయాయి. అమ్మవీ పోయాయి, పుంజుతో సహా. మిగిలిందల్లా అంతకు కొద్ది రోజుల ముందు పొదిగే పెట్టెలో పెట్టిన గుడ్లు. అవి పిల్లలైతే వంశం ఉంటుంది, లేకపోతే అంతటితో సరి. అమ్మ ఏడవలేదు. ఖాళీ గూటిని కడిగి, బోర్లించి, పొదిగే పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది. గంట గంటకూ గాజుమూత మీద అరచెయ్యి ఆనించి చూసేది. థర్మామీటరు ఉంది కదమ్మా అంటే, "అది నా కోళ్ళని పెంచిందా?" అనేది.

వానాకాలం మొదలైతే మా వైపు కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది. అందుకని బావ ఇంట్లో ఇన్వర్టరును కడగాలని తీర్మానించాడు. దీపం కిందే చీకటి అన్నట్టు, ఊరందరి బోర్డులూ కడిగే మనిషి సొంత ఇంటి పెట్టెను ముట్టుకుని ఏళ్ళు దాటింది. అది వంటగది పక్క సందులో, బ్యాటరీ పైన ఉంటుంది. విప్పేసరికి లోపల పోపు జిడ్డు, దాని మీద దుమ్ము, దాని మీద ఆసిడ్ పొడి, అన్నిటికీ పైన ఒక బొద్దింకల కుటుంబం.

"ఇన్నాళ్ళూ ఇది ఎలా పనిచేసింది బావా?"

"నా మీద గౌరవంతో" అన్నాడు.

ఆ రోజు ఆయన పని చూసితీరాలి. కెపాసిటర్లలో దాగిన కరెంటును ఒక బల్బు వెలిగించి ఖాళీ చేశాడు. జిడ్డు మీద స్పిరిటు చుక్కలు వేసి, నానేదాకా ఊరుకున్నాడు. గీకితే రాగి లేచిపోతుందట. దువ్వాడు, కడిగాడు, మళ్ళీ దువ్వాడు. నల్లటి నీళ్ళు పోయి, కిందనుంచి ఆకుపచ్చ బోర్డు కొత్తదానిలా బయటపడింది. అమ్మ కూడా తొంగిచూసి, "పెళ్ళినాడు కూడా ఇంత శ్రద్ధగా తోముకోలేదు" అంది గోడతో. బోర్డు చెక్కపెట్టెలో ఆరింది. భూతద్దం కింద మూల మూలా చూశాడు. ఒక మూల, స్క్రూ మీద, పాత ఎర్రటి గోళ్ళరంగు చుక్క చెక్కుచెదరకుండా ఉంది.

"నేను పెట్టిందే" అన్నాడు ముచ్చటగా. పైన వార్నిషు పూసి బిగించేశాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. బ్యాటరీ నిండుగా ఉందని దాని అర్థం.

వేరేవాళ్ళ పెట్టె అయితే ఆయన అంతటితో వదలడు. చుక్క ఎవరు పెట్టినా నమ్మడు. మీటరు పెట్టి స్క్రూలన్నీ మళ్ళీ సరిచూస్తాడు. ఇది తన చుక్క, తన ఇల్లు. తన చేతిని తాను అనుమానించే అలవాటు ఎవరికి ఉంటుంది?

గుడ్లు పగలడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయనగా గాలివాన వచ్చింది. పొద్దున్నే కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. పొదిగే పెట్టెలో బల్బులు వెలుగుతున్నాయి. చార్జి అయిపోయే ముందు ఇన్వర్టరు కీచుమని అరుస్తుంది, అప్పుడు చూసుకోవచ్చని అందరూ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. అమ్మ కాసేపు నడుం వాల్చింది. అరుపు రాలేదు.

మధ్యాహ్నం నేను షాపు నుంచి భోజనానికి వచ్చేసరికి అమ్మ గాజుమూత మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"ఆయన్ని పిలు. పెట్టె చల్లబడింది" అంది.

బావ వచ్చాడు. ఇన్వర్టరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు సరిగా లేవలేదు. బ్యాటరీ పీల్చి పిప్పయి ఉంది. మూత విప్పి, ఆ ఎర్ర చుక్క మీద వేలు పెట్టాడు.

"ఏమైంది?" అంది అక్క.

"మురికి అబద్ధం చెప్పింది. నేను దాన్ని నమ్మి స్క్రూ తిప్పాను" అన్నాడు.

నాకు అర్థమయ్యేలా తర్వాత చెప్పాడు. తక్కెడలో ఒక పళ్ళేనికి కింద బంక అంటుకుందనుకోండి. తూకం తప్పు వస్తుంది. బంక తుడవకుండా రెండో పళ్ళెంలో ఒక రాయి వేసి సరిచేశాడొకడు. కొన్నాళ్ళకు ఇంకొకడు వచ్చి బంకను శుభ్రంగా తుడిచాడు, రాయిని మాత్రం ఉంచేశాడు. ఇక ఆ తక్కెడ ఎంత మెరిసినా తూకం తప్పే. బోర్డు మీద జిడ్డు పేరుకుని, కొంచెం కరెంటు అందులోంచి కారిపోతూ, నిండుగా ఉన్న బ్యాటరీని ఖాళీ అని చూపించేది. అప్పట్లో బావ స్క్రూ తిప్పి సరిపెట్టాడు. ఇప్పుడు జిడ్డు పోయింది, స్క్రూ అలాగే ఉంది. సగం బ్యాటరీని నిండు అనుకుని చార్జింగు ఆపేస్తోంది, ఖాళీ అవుతున్నా నిండే అనుకుని అరవడం మానేసింది. ఇక్కడ రాయి వేసినవాడూ బంక తుడిచినవాడూ ఒక్కడే. ఆ ఒక్కడూ మా బావ.

ఆయన తిన్నగా అమ్మ ముందుకు వెళ్ళాడు. గోడ వైపు చూడలేదు.

"అత్తయ్యా, తప్పు నాదే. కడిగాక మళ్ళీ సరిచూడాలి. చూడలేదు."

అమ్మ పెదవి కదిలింది. కానీ మాట అక్కతోనే అంది. "తప్పెవరిదో తర్వాత చూద్దామని చెప్పు. ముందు నీళ్ళు కాచమను."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. బావ దగ్గర పరీక్షలకు వాడే బ్యాటరీ ఒకటుంది గానీ, దానికి తన ఊపిరి తాను తీసుకోవడమే గగనం. పక్కింటి వ్యాను డ్రైవరు బ్యాటరీ పనికొస్తుంది, ఆయనేమో బేరం మీద ఊరవతలకు వెళ్ళాడు. ఫోను చేస్తే సాయంత్రానికి వస్తానన్నాడు. నేను వానలోనే షాపుకు పరుగెత్తి, నడుం నొప్పులకు కాపడం పెట్టుకునే రబ్బరు సంచులు ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చాను. అప్పటికి బావ చెక్కపెట్టెలోంచి బోర్డులన్నీ తీసి మంచం మీద పరిచేశాడు. వేడినీళ్ళ సంచులు అడుగున పరిచి, మీద గుడ్డలు వేసి, అక్కా అమ్మా ఒక్కొక్క గుడ్డునూ అందిస్తుంటే లోపల పేర్చాడు. ఆ రేకు కాగితం గోడలు వేడిని బయటికి పోనివ్వలేదు.

"తడి గుడ్డ కూడా పెట్టాలని చెప్పు. ఆఖర్లో గాలి పొడిగా ఉంటే పెంకు లోపలి పొర బిగుసుకుని పిల్ల బయటికి రాలేదు" అంది అమ్మ.

నీళ్ళ గ్లాసు ఆనించనివ్వని పెట్టె అది! బావ తన తువ్వాలు బక్కెట్లో ముంచి, పిండి, తన చేత్తోనే అందులో పరిచాడు.

నీళ్ళు చల్లారినకొద్దీ మార్చాం. థర్మామీటరు చూడడం బావ వంతు, అరచేత్తో చూడడం అమ్మ వంతు. ఆయన అంకె చెప్పేవాడు, ఆవిడ తలూపేది. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన బల్ల దగ్గర కూర్చుని బోర్డు మీద పాత చుక్కను బ్లేడుతో గీకి తీసేవాడు. ఏదో పెంచుకున్న పుట్టుమచ్చను కోసుకుంటున్నట్టు ఉంది ఆ మొహం. తప్పు చేసిన మనిషిని తిట్టడానికి నాకు ఒక నోరు చాలదు. ఆ పూట మాత్రం లేచి వెళ్ళి నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టాను.

నీళ్ళు కాగుతుండగా వంటింట్లో అక్క నా చెవిలో అంది. "ఆ స్క్రూ ఎందుకు తిప్పారో గుర్తుందా నీకు? అప్పట్లో ఆ పెట్టె ఊరికే కీచుమనేది. అమ్మకి మధ్యాహ్నం నిద్రపట్టేది కాదు. 'ఆ పెట్టె నోరు ఎవరైనా మూయిస్తే బాగుండు' అని గోడతో అంటూ ఉండేది. ఈయన విని, బేకరీ వాళ్ళ పని వదిలేసి వచ్చి, ఆ పూటే మూయించారు."

"మరి ఆ మాట అమ్మకి చెప్పడేం?"

"చెప్పరు."

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ ఉంది, ఖాళీ గిన్నె పట్టుకుని. ఎంత విందో తెలియదు. గిన్నె నా చేతికిచ్చి, వెళ్ళి చెక్కపెట్టె పక్కన కూర్చుంది.

పొద్దువాలే వేళకు వ్యాను డ్రైవరు వచ్చాడు. వ్యానును గుమ్మానికి ఆనించి, కిటికీలోంచి తీగలు లాగి, ఇంజను ఆపకుండా ఇన్వర్టరుకు కలిపారు. "నా బండి ఇన్నాళ్ళూ సరుకే మోసింది. గుడ్లు పొదగడం ఇదే మొదటిసారి" అన్నాడాయన. బావ మీటరు పెట్టి, స్క్రూను వెంట్రుకవాసిగా తిప్పి, సరిచూసి, మళ్ళీ సరిచూశాడు. అక్క గోళ్ళరంగు సీసా తెచ్చి పక్కన పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఇప్పుడొద్దు. నాలుగు రోజులు రోజూ చూస్తాను. అప్పుడు" అన్నాడు. గుడ్లు మళ్ళీ పొదిగే పెట్టెలోకి వెళ్ళాయి. రాత్రి కరెంటు వచ్చాకే వ్యాను ఇంజను ఆగింది.

ఆ తర్వాతి రోజులు అందరం గుండెలు గుప్పెట్లో పెట్టుకుని గడిపాం. బావ మీటరుతో బ్యాటరీ చూసేవాడు, గాజుమూతకేసి చూసేవాడు, వెళ్ళిపోయేవాడు. అన్నం సరిగా తినలేదు. ఒకరోజు ఇన్వర్టరు చార్జి తగ్గి కీచుమంది. అమ్మ మంచి నిద్రలో ఉంది. బావ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు దాన్ని ఆపడానికి. అమ్మ కళ్ళు తెరవకుండానే, "అరవనియ్యమను. దాని నోరు మూయించమన్నది నేనే" అంది గోడతో. బావ చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న రోజున, పొద్దున్నే, ఒక గుడ్డు మీద నక్షత్రంలా పగులు కనిపించింది. లోపలనుంచి ముక్కు పొడుస్తోంది. అమ్మ ఎవరినీ మూత తియ్యనివ్వలేదు. పగులు చుట్టూ తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పెంకు విడిపోయి తడితడిగా ఒక ముద్ద బయటపడింది. ఆరి లేచి నిలబడ్డాక చూస్తే, మెడ బోడిగా, గులాబిరంగులో, మహా అనాకారిగా ఉంది. అంత అందమైన దాన్ని నేను ఎన్నడూ చూడలేదు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. కొన్ని గుడ్లు మాత్రం కదలలేదు. అమ్మ వాటిని చెవికి ఆనించుకుని విని, పక్కన పెట్టింది.

బావ ముందుగదిలోనే ఉన్నాడు. అన్నీ వింటున్నాడు, లోపలికి మాత్రం రావడం లేదు. బ్రష్షు ఆగిన చప్పుడు మాకు తెలుస్తోంది.

అమ్మ మొదటి పిల్లను అరచేతిలోకి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇలా రా నాయనా" అంది.

బావ తలెత్తి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరున్నారా అని. ఎవరూ లేరు, గోడే ఉంది.

"నన్నేనా అత్తయ్యా?"

"ఇంకెవర్ని? గోడకి చేతులుంటాయా?"

ఆయన లేచాడు. వేళ్ళ నిండా జిడ్డు, స్పిరిటు. గాభరాగా కుళాయి వైపు తిరిగాడు.

"కడుక్కోనక్కర్లేదు. అలాగే పట్టు" అంది అమ్మ.

బావ బనీనుకు చేతులు తుడుచుకుని దోసిలి పట్టాడు. అమ్మ కోడిపిల్లను అందులో పెట్టి, జారిపోకుండా ఆయన వేళ్ళను తన వేళ్ళతో మూసింది.